హెల్మెట్ పెట్టుకున్న దిష్టిబొమ్మ

మా నాన్న స్టీల్ ప్లాంటులో క్రేన్ నడిపినవాడు. కూర్మన్నపాలెంలో మా వీధిలో ఏ ఇంటికెళ్ళినా గుమ్మం పక్కన మేకుకి ఒక హెల్మెట్ వేలాడుతూ ఉంటుంది. నాది మాత్రం వింత హెల్మెట్. దాని మీద కెమెరా ఉంటుంది. "నీ హెల్మెట్‌కి కొమ్ము మొలిసిందేటే?" అనేవాడు నాన్న.

రుషికొండ దాటాక భీమిలి రోడ్డులో అపార్టుమెంటు కడుతున్నాం. నేను సైట్ ఇంజనీరుని. రోజూ ఆ హెల్మెట్ పెట్టుకుని అంతస్తులన్నీ తిరుగుతాను. కెమెరా నా చుట్టూ ఉన్నదంతా తీస్తుంది. కంప్యూటరులోని కృత్రిమ మేధ ఏ ఫొటో ఏ గదిదో ప్లాను మీద పెట్టి, నిన్నటికీ ఇవాళ్టికీ తేడా చూపిస్తుంది. అంచున హెల్మెట్ లేని మనిషి కనబడితే అందరి ఫోన్లకీ హెచ్చరిక పంపుతుంది. పోరు పెట్టి దీన్ని కంపెనీ చేత కొనిపించింది నేనే, ఆ సంగతి పదిమందికీ చెప్పుకుంటాను కూడా.

మా మేస్త్రికి మాత్రం అది కంట్లో నలుసు.

"ఏటమ్మా, నాను దొంగనా? నా పని మీద కాపలా ఎట్టినావు?" అన్నాడు మొదటిరోజే.

"కాపలా కాదు మేస్త్రిగారూ, సాక్ష్యం."

"సాచ్చికం తప్పు సేసినోడికి గావాల. నాకెందుకు?" అని ముఖం తిప్పుకున్నాడు. నాకు ఒళ్ళు మండింది. కానీ ఆయన పనికి వంక పెట్టగలిగినవాడు ఆ రోడ్డు పొడవునా లేడు, ఆ మాట కూడా చెప్పాలి. నేను తిరిగే వేళకి ఆయన స్తంభం చాటుకి వెళ్ళిపోయేవాడు.

మా సైటులో స్లాబు స్లాబుకీ దిష్టిబొమ్మ ఒక అంతస్తు పైకెక్కుతుంది. గడ్డి కూరిన ప్యాంటూ చొక్కా, తలకి సున్నం బొట్లు పెట్టిన కుండ. నాలుగో అంతస్తు స్లాబు రోజు పొద్దున్నే దాన్ని బాల్కనీ మూల కర్రకి కట్టారు. నేను ఒక చుట్టు తిరిగానో లేదో, ఫోన్లన్నీ మోగాయి. అంచున హెల్మెట్ లేని మనిషి, కదలడం లేదు! ఫ్లాట్లు కొన్నవాళ్ళు పని తనిఖీకి పెట్టుకున్న ఇంజనీరుగారు ఆ వేళకి కిందే ఉన్నారు. ఆయాసపడుతూ పరుగున పైకొచ్చి బొమ్మని చూసి నిలబడిపోయారు.

మేస్త్రి నవ్వు భీమిలి దాకా వినబడి ఉంటుంది. "మీ కంప్యూటరు సదువుకున్నాది గానీ, దిష్టిబొమ్మకీ మడిసికీ తేడా తెలీదు!"

ఎవరో పాత పచ్చ హెల్మెట్ తెచ్చి కుండకి పెట్టారు. ఇంజనీరుగారు నవ్వుతూ పట్టీ తనే బిగించి వెళ్ళిపోయారు. నాకు తల కొట్టేసినట్టయింది. అయినా కాంక్రీటు పోస్తున్నంతసేపూ పంతంగా తిరుగుతూనే ఉన్నాను. ఆ రాత్రి సముద్రపు గాలికి బొమ్మ కుండతో సహా కొట్టుకుపోయింది.

కొన్నాళ్ళకి ఆ బాల్కనీ పైభాగాన పగులు కనబడింది. కింద స్తంభం లేకుండా గాల్లోకి వచ్చే బాల్కనీకి చువ్వలు స్లాబు పైభాగంలో ఉండాలి. అవి కిందికి దిగితే బాల్కనీ విరుగుతుంది.

"కాంక్రీటు పోసేటప్పుడు మీ కూలీలు చువ్వల్ని తొక్కేశారు. పగలగొట్టండి," అన్నారు ఇంజనీరుగారు.

మేస్త్రి ముఖంలో నెత్తురు చుక్క లేదు. "మావోళ్ళు తొక్కరు బాబూ," అన్నాడు అంతే. పగలగొడితే ఆ రోడ్డు మీద ఇంకెవరూ ఆయన్ని పనికి పిలవరు. భయం నాకూ వేసింది. కంప్యూటరుని అడిగితే స్లాబు రోజు ఆ చోట తీసిన ఫొటోలు వరసగా తెరిచింది. చువ్వలు వాటిని ఎత్తిపట్టే ఇనప చైర్ల మీద ఎత్తుగా ఉన్నాయి. కాంక్రీటు వాటి దాకా వచ్చినప్పుడూ అదే ఎత్తున ఉన్నాయి. పనివాళ్ళు పక్కన వేసిన చెక్కల మీద నడుస్తున్నారు.

"అన్ని అంతస్తులూ ఒకలాగే ఉంటాయి. ఇది నాలుగోదేనని నమ్మకమేమిటి?" అన్నారాయన.

నేను ఫొటోని పక్కకి తిప్పాను. మూలన పచ్చ హెల్మెట్ పెట్టుకుని దిష్టిబొమ్మ నిలబడి ఉంది.

ఆయన ముందుకి వంగి చూశారు. "ఆ పట్టీ బిగించింది నేనే," అని, పగులు దగ్గర పైపూత చెక్కించారు. పగులు పూతలోనే ఉంది. కింద కాంక్రీటు రాయిలా ఉంది. మేస్త్రి తలపాగా విప్పి ముఖం తుడుచుకున్నాడు. ఆయన పనిని నేను నిలబెట్టానని, ఆయన పని నా మాట నిలబెట్టిందని నాకు పట్టలేనంత గర్వం కలిగింది.

ఆఖరి స్లాబు రోజు నేను ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాను. వెళ్ళేసరికి కొబ్బరికాయ కొట్టేశారు గానీ కాంక్రీటు పంపు మొదలవలేదు.

"లారీ వచ్చీసింది, ఇంకెంతసేపు బావా?" అని పంపు ఆపరేటరు గొణుగుతున్నాడు.

"అమ్మ తిరగాల. తిరిగినాకే కాంక్రీటు," అన్నాడు మేస్త్రి.

నేను తిరుగుతుంటే ఆయన స్తంభం చాటుకి పోలేదు. తలపాగా మీద హెల్మెట్ పెట్టుకుని చువ్వల పక్కకొచ్చి, ఈసారి ముందే హెల్మెట్ తొడిగిన కొత్త దిష్టిబొమ్మ ముందు ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు. "నానూ పడాల ఇందులో," అన్నాడు.

సాయంత్రం కంప్యూటరు రిపోర్టు పంపింది. బాల్కనీ అంచున ఇద్దరు మనుషులు, ఇద్దరికీ హెల్మెట్లు ఉన్నాయి అని. నేను దాన్ని దిద్దలేదు.