గొంతు పోయిన కంప్యూటరు

మా కోడలికి కళ్ళు కనబడవు. ఈ ముక్క ముందే చెప్పేస్తే మీరు "అయ్యో పాపం" అనేసి ఆ పని ముగించుకుంటారు, తర్వాత అసలు సంగతి ప్రశాంతంగా వినొచ్చు. ఆ అయ్యో పాపం ఆమె దగ్గర చెల్లదు. నా దగ్గర అంతకన్నా చెల్లదు.

ఆమె బ్రెయిలీ పుస్తకాలు అచ్చువేసే ప్రెస్సులో పనిచేస్తుంది. మొదట చేరింది టెలిఫోన్ బల్ల దగ్గర. "నమస్కారం, ఎవరు కావాలండీ" అనడం, లైను కలపడం, అంతే ఉద్యోగం. చూపు లేనివాళ్ళకి ఆ బల్ల తప్ప ఇంకో కుర్చీ ఉంటుందని అక్కడ ఎవరికీ తోచలేదు. ఈమెకు తోచింది. మధ్యాహ్నం అందరూ క్యారేజీలు విప్పుకుంటుంటే, తెరమీది రాతను పైకి చదివి వినిపించే కంప్యూటరు ముందు కూర్చుని దాని లోగుట్టంతా నేర్చుకుంది. కొన్నేళ్ళకి అచ్చు యంత్రాలను నడిపే పెద్ద కంప్యూటరు బాగోగులు ఆమె చేతికే వచ్చాయి. పట్టిన పట్టు విడిచే రకం కాదు. ఇంట్లోనూ అంతే. వంటగదిలో డబ్బాలన్నీ ఆమె చెప్పిన వరసలోనే ఉండాలి, ఒక్కటి జరిపినా ఊరుకోదు. ఆ విషయంలో మా ఇద్దరికీ రోజూ యుద్ధమే. గెలిచేది ఎవరని మాత్రం అడక్కండి.

ఒక రోజు పొద్దున్నే ఫోన్ చేసి, "అత్తయ్యా, కాస్త ఆఫీసుకొస్తారా? తెర మీద రాత చదివి పెట్టాలి" అంది. నోరు తెరిచి సాయం అడిగే మనిషి కాదు, ఆఫీసులో వాళ్ళనైతే అసలే అడగదు. మా వాడు షిఫ్టులో ఉన్నాడు. తడిచేతులు తుడుచుకుంటూ బయల్దేరాను.

వెళ్ళేసరికి ఎప్పుడూ టకటకలాడే అచ్చు యంత్రాలన్నీ చప్పుడు లేకుండా పడి ఉన్నాయి. కిందటి సాయంత్రం ఆమె కంప్యూటరులోకి కొత్త కెర్నెల్ ఎక్కించిందట. అందులో నడిచే లినక్స్‌కి కెర్నెల్ గుండెకాయ లాంటిదట, కొత్తది వచ్చినప్పుడల్లా మార్చుకోవాలట. మార్చి, పొద్దున వచ్చి మళ్ళీ ఆన్ చేస్తే కంప్యూటరు లేవలేదు.

"లేవకపోవడమంటే?" అన్నాను.

"ముందు చిన్న ట్యూన్ వస్తుంది అత్తయ్యా, నేనే పెట్టుకున్నాను. అది వచ్చిందంటే కెర్నెల్‌ని పిలిచే మెనూ దాకా బాగానే ఉన్నట్టు. ఆ తర్వాత రాతను చదివి వినిపించే దాని గొంతు రావాలి. రావట్లేదు. గొంతు వచ్చేదాకా లోపలేం జరుగుతోందో నాకు తెలిసే దారి లేదు."

మేనేజరు పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మంచివాడే. "బడి పుస్తకాలు మధ్యలో ఆగిపోయాయమ్మా. బయట కంపెనీకి చెప్పాను, మధ్యాహ్నం మనిషి వస్తాడు. ఆయనొచ్చి లేపాల్సొస్తే ఇకమీదట ఈ పని వాళ్ళకే ఇచ్చేస్తాం. ఏం పర్లేదు, మీకు టెలిఫోన్ బల్ల ఎటూ ఉంది" అన్నాడు.

ఊరడింపుగానే అన్నాడు. మా కోడలి మొహంలో మాత్రం నెత్తురు చుక్క లేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. మధ్యాహ్నంలోగా ఇది లేచి తీరాల్సిందేనని, కంప్యూటరు అంటే ఏమిటో తెలియని నేను కూడా కొంగు బిగించాను.

నేను పార్సిల్ ఆఫీసులో చిరునామాలు చూసి మూటలు వేరుచేసే పని చేసి రిటైరైన దాన్ని. ఇంగ్లీషు గడగడా చదువుతాను, అర్థం మాత్రం అడగకూడదు. తెర నిండా చీమల బారులా రాత. చదివాను. అన్‌ఏబుల్ టు మౌంట్ రూట్, అని ఇంకా ఏదో.

"డిస్కు అందట్లేదు అంటోంది" అంది కోడలు, మెల్లగా. కంప్యూటరు అన్నీ దాచుకునే డిస్కే పోతే ఆమె చేతిలో ఇక ఏమీ లేదు.

అయినా ఊరుకుంటుందా? కంప్యూటరు పెట్టె మూత విప్పింది. మరలన్నీ ఒక డబ్బా మూతలో వేసుకుని, ఒక్కో తీగనూ వేళ్ళతో తడిమి, ఊడదీసి, మళ్ళీ బిగించింది. ఆన్ చేసింది. ట్యూన్ వచ్చింది, గొంతు రాలేదు. నేను చదివాను, అదే మాట. తీగను ఇంకో చోట గుచ్చింది. అదే మాట. డిస్కు మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు నిలబడింది.

"ఇది బతికే ఉంది అత్తయ్యా. లోపల తిరుగుతోంది, చేతికి తెలుస్తోంది. మరి అందట్లేదని ఎందుకంటోంది? తెర మీద ఇంకేం లేదా?"

"ఎందుకు లేదూ? పైన బోలెడుంది."

"మరి చదవలేదే!"

"పైదెందుకు? కింది వరుసేగా కావలసింది."

ఆమె పకపకా నవ్వింది. నవ్వితే నవ్వనీ. మా పార్సిల్ ఆఫీసులో ఎవరైనా కింది వరుసే చూస్తారు. పైన పేరుంటుంది, మధ్యలో ఇంటి నంబరూ వీధీ ఉంటాయి. మూట ఏ సంచిలో పడాలో చెప్పే ఊరు అట్టడుగున ఉంటుంది. పై వరుసలు ఇంటికి తీసుకెళ్ళి ఇచ్చేవాడి తలనొప్పి. ఉద్యోగమంతా కింది వరుస చూసి విసిరేస్తూనే గడిచింది నాకు.

"కంప్యూటరు చిరునామా రాయదు అత్తయ్యా. జరిగింది జరిగినట్టు పైనుంచి రాసుకుంటూ వస్తుంది. చివర్న ఉండేది ఏడుపు. ఎందుకు ఏడ్చిందో పైన ఉంటుంది."

"ఆ మాట ముందే చెప్పొద్దూ!" అని నేనే తిరగబడ్డాను.

ఈసారి మొదటి వరుస నుంచి, అర్థంకాని మాటల్ని అక్షరాలు కూడబలుక్కుంటూ చదివాను. ఒకచోట అన్‌ప్యాకింగ్ ఫెయిల్డ్ అని రాగానే నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"దొరికింది. డిస్కు తలుపు తీయడానికి తాళంచెవులు కావాలి. అవన్నీ ఒక చిన్న మూట కట్టి కెర్నెల్ పక్కన పెడతారు. ఆ మూట విప్పలేకపోయాను అంటోంది. చోటు చాలక సగమే కట్టి ఉంటుంది. పాత కెర్నెళ్ళన్నీ అక్కడే పోగుపడి ఉన్నాయి, నేను తీసెయ్యలేదు."

"చోటు చాల్లేదని నిన్న నీకు చెప్పలేదా అది?"

"చెప్పే ఉంటుంది అత్తయ్యా. గొంతు వందల వరుసలు చదువుతుంటే విసుగొచ్చి వేగం పెంచేశాను. చివర్న పూర్తయింది అన్న మాటొక్కటే విన్నాను."

కింది వరుస విన్నావన్నమాట, అందామనుకున్నాను. నవ్వు ఆపుకోలేక అనలేకపోయాను.

మళ్ళీ ఆన్ చేసింది. ట్యూన్ రాగానే మీట నొక్కి మెనూ ఆపింది. "తెల్ల పట్టీ ఏ వరుస మీదుంది?" అని అడుగుతూ, నేను పేర్లన్నీ పైనుంచి చదివి చెబుతుంటే, నిన్నటి దాకా నడిచిన పాత కెర్నెల్ మీదికి జరిపింది. ఎంటర్ కొట్టింది. కాసేపటికి కంప్యూటరు తన ముక్కుగొంతుతో మాట్లాడింది. నేను చిన్నపిల్లలా చప్పట్లు కొట్టాను.

"లేచిందిగా! పద, ఆ మేనేజర్ని పిలుద్దాం."

"ఇది పాతదాని మీద లేచింది అత్తయ్యా. రేపు కరెంటు పోయి వస్తే తనంతట తాను కొత్తదాన్నే ఎంచుకుంటుంది, మళ్ళీ మూగబోతుంది. సగం పని చేసి పిలవను."

బాగా నడిచిన పాతదాన్ని ఒక్కదాన్ని ఉంచి మిగతావి తీసేసింది. చోటు ఎంత మిగిలిందో చూసుకుంది. మూట మళ్ళీ కట్టించింది. ఈసారి గొంతు వేగం బాగా తగ్గించి, ఒక్క వరుస కూడా వదలకుండా, గడ్డం కింద పిడికిలి పెట్టుకుని వింది. ఆపి, ఆన్ చేసింది.

సరిగ్గా అప్పుడే మేనేజరు కంపెనీ ఆయన్ని వెంటబెట్టుకుని లోపలికొచ్చాడు. ట్యూన్ వచ్చింది. ఆ తర్వాత ఏమీ లేదు. మేనేజరు నా వైపు చూశాడు. నా పైప్రాణాలు పైనే పోయాయి. అంతలో గొంతు పలికింది, వెనకే అచ్చు యంత్రాలు ఒక్కొక్కటీ టకటకమన్నాయి.

"చాలా సంతోషం" అన్నాడు మేనేజరు. నిజంగానే అన్నాడు. "కానీ అమ్మా, మళ్ళీ ఆగితే? ప్రతిసారీ మీ అత్తగారు రావాలా? ఆవిడ ఊళ్ళో లేకపోతే మా గతేంటి?"

నా నోట్లోంచి రాబోయేదేమిటో కోడలికి తెలుసు. మణికట్టు పట్టుకుని ఆపింది. "ఆయన అడిగింది న్యాయమే అత్తయ్యా" అని, ఆయన వైపు తిరిగింది. "నాకొక సీరియల్ కేబుల్ కావాలి సార్. దాంతో ఈ కంప్యూటరుని నా ల్యాప్‌టాప్‌కి కలిపితే, గొంతు రాకముందు రాసేవి కూడా నా చుక్కల పలక మీదికొస్తాయి. ఎవరి కళ్ళూ అక్కర్లేదు."

చుక్కల పలక అంటే ఆమె వేళ్ళతో తడిమి చదువుకునేది. కంప్యూటరు రాసేదాన్ని బట్టి దాని మీద బ్రెయిలీ చుక్కలు పైకి లేస్తూ దిగుతూ ఉంటాయి.

"నా దగ్గరుంది, చూద్దాం" అని కంపెనీ ఆయన సంచిలోంచి కేబుల్ తీసి కలిపాడు. రాసేవన్నీ ఆ దారిన పంపమని మా కోడలు కంప్యూటరుకి చెప్పింది. మళ్ళీ ఆపి, ఆన్ చేసింది. ట్యూన్ ఆగగానే తెర మీద వరుసలు మొదలయ్యాయి. ఆమె వేళ్ళు పలక మీద కదులుతున్నాయి. మొదటి వరుస నుంచి ఒక్కోటీ పైకి చదువుతోంది. మేనేజరు వేలితో తెర మీద వెతుక్కుంటూ సరిచూసుకున్నాడు. నేను కళ్ళజోడు సవరించుకునేలోపే ఆమె నా చూపుని దాటి కింది వరుసలకి వెళ్ళిపోయింది.

"ఆ కేబుల్ మాకు వదిలేసి వెళ్ళండి" అన్నాడు మేనేజరు కంపెనీ ఆయనతో. తర్వాత మా కోడలితో, "మీ మిషన్ మీరే చూసుకోండి" అన్నాడు.

"ఇక మీరు ఇంటికెళ్ళొచ్చు అత్తయ్యా" అంది మా కోడలు, పలక మీంచి చెయ్యి తీయకుండానే.

నా జన్మలో చాలామంది నన్ను పొమ్మన్నారు. పోట్లాడకుండా ఎక్కడి నుంచీ కదల్లేదు. ఆ రోజు మాత్రం సంచి భుజానేసుకుని బుద్ధిగా బయటికొచ్చేశాను. వీధి మలుపు దాకా సంతోషంతో ఏడుస్తూనే నడిచాను.