తోడల్లుడి కంచం

మొన్న మా కోడలు కొత్తావకాయ కలిపి, జాడీ తెచ్చి ఖమ్మం ఖానాపురం హవేలిలోని మా ఇంట్లో బల్ల మీద పెట్టి, అత్తయ్య ఒక్క ముద్దైనా తినాల్సిందేనని పట్టుబట్టింది. వేడన్నంలో నెయ్యి వేసి, ఎర్రగా కలిపిన ముద్ద నోట్లో పెట్టుకుందో లేదో, మా ఆవిడకు పొలమారింది. కళ్లూ ముక్కూ కారిపోయాయి, చెంబెడు నీళ్లు తాగింది. పెళ్లయిన కొత్తలో మజ్జిగన్నంలోకి పచ్చిమిరపకాయ కొరుక్కుని తిన్న మనిషి! "నా నోరు కారం మర్చిపోయింది" అని నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఎనభైల్లో బూర్గంపాడు దగ్గర మాకు మిరప చేలుండేవి. పిల్లవాడు ఖమ్మం హాస్టల్లో, ఇంట్లో మేమిద్దరమే. నలభై నాలుగో ఏట నా పొట్ట నా మాట వినడం మానేసింది. పుల్లటి తేనుపులు, ఉబ్బరం, గొంతు దాకా మంట. భద్రాచలంలో డాక్టరు గారు కారం, పులుపు, మాంసం, పచ్చళ్లు అన్నీ బందు పెట్టారు. ఇక మిగిలింది సగ్గుబియ్యం జావ, పల్చటి మజ్జిగ, చప్పటి బీరకాయ. కల్లంలో ఎండే మిర్చి ఘాటుకు తుమ్ముకుంటూ బీరకాయ కూరకు ఇంటికి వెళ్లేవాణ్ణి. ఈనాటికీ ఆ పథ్యం తప్పలేదు. పగవాడికి కూడా వద్దు ఆ బతుకు.

అదైనా ఓర్చుకునేవాణ్ణేమో గాని, తోడల్లుణ్ణి ఓర్చుకోలేకపోయాను. నాకంటే రెండేళ్లు పెద్ద. రాళ్లు తిని అరాయించుకునే పొట్ట ఆయనది. తిరుమలాయపాలెంలో అత్తగారింట్లో మా ఇద్దరికీ పక్కపక్కనే పీటలు వేసేవాళ్లు. ఆయన కంచంలో నాటుకోడి, గోంగూర, ఆవకాయ. నా కంచంలో జావ. "ఏంది తమ్మీ, గీ జావ తాగి ఎట్ల బతుకుతున్నవ్?" అని ఎముక చీకుతూ అడిగేవాడు. పాపం, ప్రేమగానే అడిగేవాడు. నేను మాత్రం లోపల కుళ్లిపోయేవాణ్ణి. చెప్పుకోవడానికి సిగ్గే గాని, ఆయనకు ఒక్కసారైనా అజీర్తి చెయ్యాలని రాములవారికి మొక్కుకున్నాను కూడా. రాములవారు విననే లేదు. ఆయన బ్రేవుమని తేన్చి, అరుగు మీద గురకపెట్టేవాడు. ఆ ఉక్రోషమంతా ఇంటికొచ్చి మా ఆవిడ మీద వెళ్లగక్కేవాణ్ణి, మీ బావగారికి జరిగే మర్యాద నాకెక్కడిదని. ఆమె లేచి జావ కాచేది.

మా మామిడితోటకు కాపలా ఉండే కోయ పెద్దాయన దగ్గర ఒక వేసవిలో ఈ గోడంతా వెళ్లబోసుకున్నాను. చుట్టూ పండ్లు రాలి పడుతున్నా ఆయన ఒక్కటీ ముట్టలేదు. వాళ్ల ఊళ్లో మామిడి పండుగ చేసి దేవతకు పెట్టిందాకా పిల్లాజెల్లా ఎవరూ పండు నోట వేసుకోరు. నీకు నోరూరదా అని అడిగాను.

"ఎందుకూరదు పటేలా? ఊరంత ఆగుతది గద, నాకొక్కనికే బాధ గాదు. నీతోటి ఎవలాగుతున్నరు?"

"ఎవరూ లేరు" అన్నాను టక్కున. నా కళ్ల ముందు తోడల్లుడి కంచం మెదిలింది.

మొన్న ఆవిడ కళ్లు తుడుచుకుంటుంటే, కారం తిని ఎన్నాళ్లయిందని అడిగాను.

"మీ పథ్యం మొదలైన కాన్నుంచి తినలే. వాసన తగిల్తే మీ పానం గుంజుతదని ఇంట్ల పోపు గూడ బంద్ చేసిన. మా అమ్మ ఇంటికాడ గూడ మీ జావనే తాగిన."

"ఇన్నేళ్లూ చెప్పలేదేం?"

"చెప్పుడెందుకు? చూస్తే కనపడకపోవునా?"

ఆ రోజుల్లో ఆడవాళ్లు మగవాళ్ల తరువాత తినేవాళ్లు. నేను తిని లేచి నడుం వాల్చేవాణ్ణి. తోట కాపలా పెద్దాయన పోయి చాలా కాలమైంది, నాతో ఆగేవాళ్లు ఎవరూ లేరని చెప్పిన తప్పు ఇప్పుడు దిద్దుకుందామన్నా మనిషి లేడు. ఆ ఏళ్లలో తోడల్లుడి కంచంలో ఏ పండుగకు ఏం పడిందో ఈనాటికీ వరసగా చెప్పగలను. మా ఆవిడ కంచంలో ఏముండేదో తెలియడానికి నాకు ఇంతకాలం పట్టింది.