ఎర్రజెండా చూపించే వకీలు

మా మామగారు పోయారు. పోయిన నెల ఒక మంగళవారం పొద్దున్న, పళ్ళు తోముకుని, రేడియోలో వార్తలు విని, కాఫీ ఇంకా వేడిగా ఉందని గ్లాసు పక్కన పెట్టి, కుర్చీలో అలాగే వెనక్కి వాలారు. నేను వంటింట్లోంచి రెండుసార్లు కేకేశాను. మూడోసారి విసుక్కుంటూ వచ్చాను. ఆ విసుగు ఆయన చెవిన పడిందో లేదో నాకు తెలీదు.

పోయినవాళ్ళ గురించి మంచే రాయాలంటారు. రాస్తాను. కానీ ముందు నా కోపం చెప్పుకోకపోతే, ఆ మంచి కూడా అబద్ధంలాగే ఉంటుంది. పాతికేళ్ళు ఆయన కోడలిగా ఉన్నాను. అందులో రెండేళ్ళు నన్ను నిజంగా ఏడిపించారు. ఇల్లు కొనడానికి ఒక్క వకీలును ఎంచుకోవడానికి ఆయనకు పట్టిన కాలం అది.

మా మామగారు గూడ్సు బండి గార్డు. బొబ్బిలి దగ్గర పల్లె నుంచి కుర్రతనంలోనే రాయ్‌పూర్ వచ్చి, బతుకంతా రైల్వే క్వార్టర్లోనే గడిపారు. అత్తగారు ఆ క్వార్టర్లోనే కన్నుమూశారు. ఆయన రిటైరవగానే క్వార్టర్ ఖాళీ చెయ్యడానికి కొన్ని నెలలు గడువిచ్చారు. మా ఆయనకు ఉర్లాలో ఫ్యాక్టరీ ఉద్యోగం, చంకలో ఇద్దరు పిల్లలు. గడువు తీరేలోగా సొంత గూడు చూసుకుందామని అందరం అనుకున్నాం. తెలీబంధా చెరువు వెనకాల ఇల్లు దొరికింది కూడా. వంటింటికి తూర్పు కిటికీ. ఆ గూట్లో ఏ డబ్బా ఎక్కడ పెట్టాలో కూడా మనసులో సర్దేసుకున్నాను.

"ఇల్లు బాగుందమ్మా. ముందు వకీలు దొరకాల," అన్నారు మామగారు.

"వకీళ్ళకేం కరువు మావయ్యా? కచేరీ దగ్గర రాయి విసిరితే నల్లకోటుకే తగుల్తుంది."

"అదే నా భయం."

అక్కడ మొదలైంది. ఒక గిన్నెలో పెరుగన్నం, మాగాయ ముక్క పెట్టించుకుని, సైకిలెక్కి మెయిన్ రోడ్డు మీదున్న ఒక పెద్ద వకీలు ఆఫీసుకు వెళ్ళేవారు. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా కక్షిదారుల బల్ల మీద కూర్చునేవారు. ఎందుకొచ్చారంటే "ఖాళీ అయ్యాక చెప్తాను" అనేవారట. వకీలు మిగతావాళ్ళతో ఏం మాట్లాడుతున్నాడో వినేవారు. ఒక రోజు కాదు, ఐదు రోజులు! ఇరుగుపొరుగు ఆడవాళ్ళు నవ్వడం మొదలుపెట్టారు. "మీ మామగారికి కచేరీలో కొత్త ఉద్యోగమా?" అని నన్నడిగితే నాకు తల కొట్టేసినట్టయ్యేది.

"ఏటమ్మా, అలగ ఉడుకుతావు?" అనేవారు. "బండి కదిలే ముందు ఇంజను కాడినుంచి బ్రేకువ్యాను దాకా నడిచి సూసుకోవాల. ఎక్కీశాక సూస్తే ఏటి లాభం?"

ఐదో రోజు వచ్చి గిన్నె కడిగి బోర్లించారు. "ఆ వకీలుకి 'వద్దు' అన్న మాట రాదమ్మా. ఎవుడొచ్చినా 'హో జాయేగా' అంటాడు, అయిపోతాదని. పచ్చజెండా ఎవుడైనా ఊపుతాడు. ఎర్రజెండా సూపించలేనోడు గార్డేటి, వకీలేటి?"

ఈలోగా తెలీబంధా ఇల్లు ఒక బట్టల కొట్టాయన కొనేసుకున్నాడు. ఇక్కడ పాఠకులు ఆ ఇంటి మీద ఏదో దావా పడిందనీ, మా మామగారి వల్ల మేం బతికిపోయామనీ ఎదురుచూస్తారేమో. అదేం లేదు. ఈ రోజుకీ ఆ ఇల్లు నిక్షేపంలా ఉంది. బట్టల కొట్టాయన మేడ కూడా వేశాడు. చెరువు పక్కనుంచి వెళ్ళినప్పుడల్లా ఆ తూర్పు కిటికీ చూసి పళ్ళు నూరుకుంటాను.

గడువు అయిపోయింది. క్వార్టర్ వదిలి రెండు గదుల అద్దె వాటాలోకి మారాం. ఇంటావిడ కుళాయి పొద్దున్న అరగంట విప్పి కట్టేసేది. బిందెల మధ్య నిలబడి నేను తిట్టుకున్న తిట్లన్నీ మామగారికే తగలాలి.

అప్పుడు మా ఆయన స్నేహితులు "మనవాడి" దగ్గరికి వెళ్ళమన్నారు. ఊరుకాని ఊళ్ళో ఉన్న మాలాంటివాళ్ళకి ఆ మాట ఎంత బలమో ఇక్కడ బతికినవాళ్ళకే తెలుస్తుంది. పురోహితుడు మనవాడే ఉండాలి, ఊరగాయ మనదే ఉండాలి, వకీలూ మనవాడే ఉండాలి. ఆ తెలుగు వకీలు విజయనగరం వైపు మనిషి. కాలనీలో ఎవరు స్థలం కొన్నా ఆయన చేతి మీదుగానే కొనేవారు. వెళ్ళగానే "ఏ ఊరండీ మీది?" అని అడిగి, మంచి కాఫీ తెప్పించి ఇచ్చేవాడట. మామగారు ఒక్క రోజే కూర్చుని వచ్చేశారు. పెరుగన్నం ముట్టుకోలేదు.

"ఈయనా కాడమ్మా."

"మనవాడే కదా మావయ్యా!"

"అందుకే."

అంతే! కాలనీలో పెద్దవాళ్ళకు కోపం వచ్చింది. "మీ మామగారికి తెలుగువాళ్ళంటే పడదా?" అని పేరంటంలో మొహం మీదే అడిగారు. ఇంటికొచ్చి నా నోరు నేను ఆపుకోలేకపోయాను. "మీ జన్మలో మీరు జానెడు నేల కొన్న పాపాన పోలేదు. మమ్మల్నీ కొననివ్వరు!" అన్నాను. ఆయన అన్నం తింటున్నారు. కంచం తీసుకెళ్ళి కడుక్కుని, సైకిలు తుడుచుకుంటూ కూర్చున్నారు.

మూడో వకీలు ఛత్తీస్‌గఢీ మనిషి. కచేరీ వెనకాల ఇరుకు గది, ఒక కాలు విరిగితే ఇటుక పెట్టిన బల్ల. ఏ కాగితమైనా ఆఖరి పేజీ నుంచి మొదటి పేజీకి, వేలు పెట్టి చదువుతాడట. నత్త నయం! మామగారు మాత్రం ఆ సాయంత్రం పెళ్ళివారింటి నుంచి వచ్చినట్టు వచ్చారు. "దొరికాడమ్మా," అన్నారు.

దొరికి ఆ వకీలు చేసిన మొదటి పని, అభన్‌పూర్ రోడ్డు వైపు మేం చూసుకున్న ఇంటిని వద్దనడం. అమ్ముతున్నది ఇద్దరు అన్నదమ్ములు, కానీ పాత కాగితాల్లో వాళ్ళ చెల్లెలి పేరు కూడా ఉంది. ఆవిడ సంతకం పెడితే తప్ప కొనొద్దన్నాడు. ఆవిడ పెట్టనంది. నేను బిందె నేలకేసి కొట్టి ఏడ్చాను. మామగారేమో "సూశావా, ఎర్రజెండా!" అని మురిసిపోయారు. ఆ క్షణంలో ఆయన్ని క్షమించడం నా వల్ల కాలేదు.

మరో ఏడు నెలలకి ఇప్పుడు మేమున్న ఇల్లు కుదిరింది. తెలీబంధాలోనే, వెనక సందులో. వంటిల్లు పడమర. వేసవిలో మధ్యాహ్నం అందులో నిలబడితే పప్పుతో పాటు నేనూ ఉడుకుతాను. ఆ వకీలు భూముల లెక్కలు రాసే పట్వారీ దగ్గరికి తిరిగి, పక్కిళ్ళవాళ్ళతో మాట్లాడి, అప్పుడు సరే అన్నాడు. ఇల్లు నా పేరనే రాయించాలని మామగారు పట్టుబట్టారు.

"మీ అబ్బాయి పేరున పెట్టొచ్చుగా? ఎండలో నన్నెందుకు ఈడ్చుకొచ్చారు?" అని రిజిస్ట్రీ ఆఫీసు వరండాలో కూడా సణిగాను.

"ఇంట్లో ఉండేది నువ్వు. కాయితమూ నీదే ఉండాల," అన్నారు. గుమాస్తా నా బొటనవేలికి నీలం సిరా పూసి నొక్కించాడు. చెయ్యెక్కడ తుడుచుకోవాలో తెలీక నిలబడితే, భుజం మీది తుండుగుడ్డ తీసి ఇచ్చారు. తెల్లటిది, కొత్తది. "తుడుచుకో అమ్మా, పర్లేదు." ఆ మరక పోలేదు. పారేస్తానంటే ఒప్పుకోలేదు. చిరుగులు పడ్డా అదే భుజాన వేసుకుని తిరిగారు.

మామగారి పన్నెండో రోజు భోజనాలయ్యాక ఆ మూడో వకీలు వచ్చాడు. ముసలివాడైపోయాడు. నన్ను పక్కకు పిలిచి, సంచిలోంచి మడతల దగ్గర చిరిగిన ఒక దస్తావేజు తీసి నా చేతిలో పెట్టాడు.

"బహూజీ, ఇది మీ మామగారు నా దగ్గర దాచింది. 'నేను పోయాక నా కోడలికియ్యి, బతికుండగా ఇస్తే తిడుతుంది' అన్నారు."

నవ్వొచ్చింది. అప్పుడాయన అసలు సంగతి చెప్పాడు.

మా మామగారు ఉద్యోగంలో చేరిన కొత్తలో అభన్‌పూర్ రోడ్డు మీద ఒక స్థలం కొన్నారట. కాగితాలన్నీ చూసింది ఒక వకీలు, మా జిల్లా మనిషి. మనవాడు కదా అని ఈయన ఒక్క అక్షరం చదివించుకోలేదు. అది ఊరి పశువుల మేత బీడు. సర్కారు నేల. అమ్మినవాడికి అమ్మే హక్కే లేదు. పునాది తవ్వడానికి వెళ్ళిన రోజున ఊరివాళ్ళు కర్రలు పట్టుకుని అడ్డం నిలబడ్డారట.

"బల్ల మీద కూర్చుని, ఆఖర్న ఈ కాగితమే వకీళ్ళందరికీ చూపించేవారు, ఇప్పుడే కొన్నట్టు," అన్నాడు వకీలు. "మెయిన్ రోడ్డు వకీలు దావా వేద్దాం, తప్పకుండా గెలుస్తామన్నాడట. మీ తెలుగు వకీలు చదవకుండానే పేపరువెయిటు కింద పెట్టి, మనవాళ్ళు కదా, నేను చూసుకుంటానన్నాడట. నేను చదివి, ఇది చిత్తుకాగితం, ఆ నేల మీకు ఎప్పటికీ రాదు, ఇది కొనమన్నవాడు మీకు ద్రోహం చేశాడన్నాను. మీ మామగారు నా రెండు చేతులూ పట్టుకున్నారు."

"ఇంట్లో ఎందుకు చెప్పలేదు?" అని గట్టిగానే అడిగాను, తప్పంతా ఆ ముసలాయనదే అన్నట్టు.

"సిగ్గు బహూజీ," అన్నాడు.

సిగ్గట! నాకు చెప్పుంటే ఆ మాట అనేదాన్నా? జానెడు నేల కొన్న పాపాన పోలేదని, అన్నం తింటున్న మనిషిని అనేదాన్నా? నోరు విప్పి ఒక్క మాట చెప్పడానికి రెండేళ్ళు చాల్లేదా, ఆ తర్వాత ఇన్నేళ్ళు చాల్లేదా? ఇప్పుడు ఎవరితో దెబ్బలాడను? ఎవరిని క్షమించమని అడగను? అత్తగారికి ఈ సంగతి తెలుసా అని అడిగాను. వకీలుకు తెలీదు. చెప్పగలిగేవాళ్ళు ఇంక ఎవరూ లేరు.

అందరూ వెళ్ళాక ఆ దస్తావేజు విప్పి చదివాను. కొన్నవారి పేరు దగ్గర మామగారి పేరు లేదు. మా అత్తగారి పేరుంది. వెనక పేజీలో ఆవిడ వేలిముద్ర. సంతకం చెయ్యడం రాని ఆవిడ బొటనవేలు, నీలం సిరాలో, ఒక పక్కకి కాస్త జారి ఉంది. ఆ రోజు ఆవిడ చెయ్యి దేనికి తుడుచుకుందో మరి.

మామగారి బట్టలన్నీ ఇచ్చేశాం. తుండుగుడ్డ ఒక్కటి ఇవ్వలేదు. ఈ పొద్దున్న దాన్ని ఉతికి పెరట్లో తీగ మీద ఆరేశాను. నా వేలి మరక అలాగే ఉంది. ఈసారి నేనూ గట్టిగా రుద్దలేదు.