బతికించి తీర్చుకున్న పగ

మా చిన్నాయన పోయాడన్న మాట నాకు ఆలూరులో, నేను పాఠాలు చెప్పే బడి వరండాలో అందింది. మధ్యాహ్నం భోజనాలయ్యి పిల్లలు కొళాయి దగ్గర పళ్లేలు కడుక్కుంటున్నారు. ఫోన్‌లో అమ్మ ఏడవలేదు. "మీ చిన్నాయన ఇంగ లేడు మే. బయల్దేరు" అంది. అంతే.

ఇరవై ఏళ్లు మిలిటరీలో ఉండి, మంచు చరియల కిందినుంచీ వరద నీళ్లలోంచీ మనుషుల్ని బయటికి తీసిన మనిషి. ఆ మంచూ ఆ నీళ్లూ ఆయన్ని ఏమీ చేయలేకపోయాయి. మా నేల దుమ్ము చేసింది. ఊపిరితిత్తుల్లో రాతి దుమ్ము పేరుకుపోయిందని కడప డాక్టరు చెప్పి ఏడాది కాలేదు.

పోయినవాళ్ల గురించి మెత్తగా రాయాలంటారు. నాకు చేతకావడం లేదు. ఆయన మీద నాకున్న కృతజ్ఞతా, ఇంకొక మనిషి మీద నాకున్న కోపమూ ఒకే కడుపున పుట్టినవి. ఒకటి చెప్పి ఇంకొకటి దాచలేను.

మా నాయన ఆయనకు అన్న. మైదుకూరు దగ్గర నాపరాళ్ల గనిలో పని చేసేవాడు. మాకున్న మెట్ట చేను వాన పడితేనే తిండి పెట్టేది, పడని ఏడు గనే దిక్కు. నేను పదో తరగతిలో ఉండగా ఒక రోజు గని గోడ విరిగి ఆయన మీద పడింది. యంత్రం పెట్టి రాళ్లు తీసి, శవాన్ని బయటికి తెచ్చేసరికి సాయంత్రమైంది. గని యజమాని ఊరందరి ముందూ ఒక మాట అన్నాడు. "తాగొచ్చి దిగినాడు. దానికి నేనేం జేసేది?"

మా నాయన జన్మలో చుక్క ముట్టి ఎరగడు. తోటి కూలీలందరికీ ఆ సంగతి తెలుసు. పని పోతుందని ఒక్కరూ నోరు విప్పలేదు. కాగితాల్లో కూడా అదే మాట ఎక్కింది. ఆ తర్వాత అమ్మ సంతకు పోతే వెనకనుంచి గుసగుసలు. తాగి సచ్చినోని పెండ్లాం. నేను బడికి పోతే తాగి సచ్చినోని బిడ్డ.

మా నాయన రాళ్ల కింద ఉన్న ఆ రోజు చిన్నాయన ఎక్కడో ఉత్తరాది కొండల్లో, ముక్కూ మొహం తెలియని మనుషుల్ని మంచు తవ్వి తీస్తున్నాడు. కబురు చేరి ఆయన ఇల్లు చేరేసరికి నాలుగో రోజు. సమాధి పక్కన కూర్చుని, చుట్టూ ఉన్న కూలీలను అడిగాడు.

"మిషన్ పెట్టకముందు ఎవురన్నా పిల్చి చూసినారా? అన్నా అని ఒకసారి పిల్చినారా?"

ఎవరూ పిలవలేదు. ఆయన మరుసటి వారం మళ్లీ ఉద్యోగానికి వెళ్లిపోయాడు.

రెండేళ్లకు పదవీ విరమణ తీసుకుని వచ్చాడు. పెళ్లి చేసుకోలేదు కాబట్టి ఆయనకు మేమే ఇల్లు. మిలిటరీ నుంచి వచ్చినవాళ్లకు మా వైపు ఒక దారి ఏర్పడి ఉంది, బ్యాంకు ముందు తుపాకీ పట్టుకుని కూర్చోవడం. కర్నూలులో ఆయనకూ అలాంటి ఉద్యోగం సిద్ధంగా ఉండింది. వద్దని, గనుల్లో మేట్ పరీక్షకు చదవడం మొదలుపెట్టాడు. కూలీల భద్రత చూసే మనిషికి ఆ సర్టిఫికెట్ కావాలి. నలభై దాటిన మనిషి. ఇరవై ఏళ్లుగా హిందీలో రాసిన చెయ్యి, తెలుగు ఒత్తుల దగ్గర తడబడేది. ఇంటర్ చదువుతున్న నేను పుస్తకం గట్టిగా చదివేదాన్ని, ఆయన నిటారుగా కూర్చుని వినేవాడు. తిన్న పళ్లెం తనే కడిగేవాడు. ఎవరింటికి పోయినా ముందు తలెత్తి పైకప్పు చూసేవాడు, ఆ తర్వాతే మనుషుల్ని పలకరించేవాడు. మీద ఏది కూలుతుందోనని చూసే ఆ మిలిటరీ అలవాటును ఆయన చెప్పుల్లా బయట వదిలి రాలేకపోయేవాడు.

పరీక్ష పాసై ఆయన చేరిన చోటు వింటే మీకూ మండుతుంది. మా నాయనను మింగిన గనిలోనే చేరాడు. మిలిటరీ మనిషి తన దగ్గర ఉన్నాడని తనిఖీకి వచ్చేవాళ్లకు చూపించుకోవచ్చని, మా నాయన తమ్ముడని తెలిసి కూడా యజమాని సంతోషంగా తీసుకున్నాడు.

ఆ సాయంత్రం అమ్మ వాకిట్లోనే నిలబెట్టింది.

"మీ యన్నను తిన్నోని ఉప్పు తింటావా? ఈ గడప తొక్కొద్దు నువ్వు."

"సరే వదినా" అన్నాడు. ఆ తర్వాత మూడేళ్లు మా గడప తొక్కలేదు కూడా. ఆదివారం పూట వచ్చి బయట అరుగు మీద కూర్చుని, నా చదువు సంగతి అడిగి వెళ్లిపోయేవాడు. నేనూ ఆయన్ని పిరికివాడనే అనుకున్నాను. ఆ సిగ్గు ఇప్పటికీ నాతోనే ఉంది.

గనిలో ఆయన మాట ఎవరికీ పట్టేది కాదు. మిలిటరీలో ఒక విజిల్ వేస్తే ఎక్కడివాళ్లక్కడ ఆగేవారట. ఇక్కడ విజిల్ వేస్తే నవ్వేవారు. "ఏమప్పా మిలిట్రీ, ఈడ యుద్ధమేమన్నా జరుగుతాండాదా?" హెల్మెట్లు ఇప్పిస్తే వాటిలో అలసందకాయలు ఇంటికి తీసుకుపోయేవారు. ఆయన కోప్పడలేదు. టీ తాగే పూట ఒక్కొక్కరి పక్కన కూర్చుని పిల్లలెందరు, చేన్లో ఏం వేశారు అని అడిగేవాడు. అరుగు మీద కూర్చుని ఒకసారి నాతో అన్నాడు.

"ఆడ ఆర్డరు ఇస్తే ఆగుతారు మే. ఈడ నమ్మితేనే ఆగుతారు. నమ్మకం కుదరను శానా దినాలు పడతాది."

రోజూ పొద్దున్నే గని గోడలు తిరిగి చూసి, ఎక్కడ పగులుందో, ఎక్కడ మనుషుల్ని దించకూడదో రిజిస్టర్‌లో రాసేవాడు. దాని కింద యజమాని సంతకం తీసుకునేవాడు. యజమాని ఫోన్ మాట్లాడుతూ, చదవకుండానే గీకి ఇచ్చేవాడు. మూడేళ్లు ఒక్క రోజు కూడా తప్పలేదు.

మూడో ఏడు, రెండు రోజులు ముసురు పట్టి వదిలింది. ఆ పొద్దున చిన్నాయన గనిలోకి దిగే బాట మీద అడ్డంగా నిలబడి విజిల్ వేశాడు. ఈసారి కూలీలందరూ ఆగారు. తూర్పు గోడ పగిలి ఉంది, దిగొద్దన్నాడు. యజమానికి కబురు పోయింది. కారు దిగుతూనే అరిచాడు.

"వాన పడితే గని మూస్తారా యాడన్నా? నేను దిగుతా చూడు, ఏమైతాదో!"

చిన్నాయన అతని చెయ్యి పట్టుకుని ఆపాడు. యజమాని విదిలించుకుని దిగాడు. తూర్పు గోడ దాకా నడిచి, వెనక్కి తిరిగి, "ఏమైంది? ఏమన్నా అయిందా?" అన్నాడు. అప్పుడు విరిగింది గోడ.

అక్కడున్న కూలీలు ఈ కథ ఇప్పటికీ చెప్తారు. డ్రైవరు యంత్రం ఎక్కబోతే చిన్నాయన కిందికి లాగేశాడట. రాళ్లు తొలిచే కంప్రెసర్ మోత ఆపించాడు. అందర్నీ నోరు మూసుకోమని, రాళ్ల మీద బోర్లా పడుకుని పిలిచాడు. రెండో పిలుపుకు లోపల్నుంచి మూలుగు వినిపించింది. ఇక ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు. మొద్దులు తెప్పించి పైరాయికి ఊతం పెట్టి, చేతులతో ఒక్కో రాయి తీశాడు. మూడు గంటలు. ఆ మూడు గంటలూ లోపలి మనిషితో మాట్లాడుతూనే ఉన్నాడు. "ఈడనే ఉండా. నిద్రపోగాకు. మీ ఊరి పక్క ఏం పంటలేస్తారు, చెప్పు." చివరికి నుజ్జయిన కాలితో, ప్రాణంతో బయటికి తీశాడు. చిన్నాయన చేతి గోళ్లు నాలుగు ఊడిపోయాయి.

ఆ యజమాని బతికాడని విన్నప్పుడు నేను ఏడ్చాను. కోపంతో ఏడ్చాను. అరుగు మీద కట్లు కట్టిన చేతులతో కూర్చున్న ఆయన్ని నిలదీశాను.

"యంత్రం పెట్టి ఉండొచ్చు గదా, మా నాయనకు పెట్టినట్ల? ఎందుకు తీసినావు వాన్ని?"

ఆయన నెమ్మదిగా అన్నాడు. "సచ్చినోడు ఏం జవాబు చెప్తాడు మే? మీ నాయన సమాధిలో ఉండాడు, చెప్పలేడు. వీడూ సమాధిలోకి పోతే ఇంగ ఆ అబద్ధం ఎవురు తీసేది? వాడు బతకాల. బతికి నిలబడి చెప్పాల."

"అయితే రాళ్ల కింద ఉన్నెప్పుడే అడగాల్సింది."

"రాయి కింద ఉండేవాడు ఏమడిగినా ఊ అంటాడు. ఆ ఊ నాకొద్దు."

అప్పుడు నాకు అర్థమైంది, మూడేళ్లుగా ఆయన ఆ గనిలో ఏం చేస్తున్నాడో. తలుపు సందులోంచి అమ్మ కూడా విన్నది. గ్లాసుతో టీ తెచ్చి, "లోపలికి రా" అంది. ఆయన తలెత్తి మా పైకప్పు చూసి లోపలికి వచ్చాడు.

ప్రమాదం మీద విచారణ మా ఊరి పంచాయతీ ఆఫీసులో జరిగింది. అధికారి ముందు చిన్నాయన రిజిస్టర్లన్నీ పెట్టాడు. ప్రతి పేజీలో హెచ్చరిక, ప్రతి హెచ్చరిక కింద యజమాని సంతకం. ఆ తర్వాత మా నాయన సంగతి ఎత్తాడు. ఇన్నేళ్లు నోరు విప్పని కూలీలు ఒకరి తర్వాత ఒకరు లేచారు. వాళ్ల కళ్ల ముందే శత్రువును చేతులతో తవ్వి తీసిన మనిషి అడుగుతుంటే ఇంకెలా కూర్చుంటారు? చివరికి యజమానిని అడిగారు. చంకలో కర్ర పెట్టుకుని లేచి నిలబడ్డాడు. అమ్మ ఎదురుగా, మొదటి వరసలో ఉంది.

"ఆ పొద్దు ఆయప్ప తాగిండ్లేదు" అన్నాడు. "పగులుండాదని నాకు చూపిచ్చినాడు. నేనే దిగమన్న్యా."

నా జీవితంలో అంత తియ్యటి మాట నేను వినలేదు. ఇలా రాయడం తప్పయితే తప్పే.

గని మూతపడింది. కేసు ఇంకా నడుస్తూనే ఉంది. పని పోయిన కూలీలు కొందరు చిన్నాయనను తిట్టారు. ఆయన ఆ తిట్లు పడ్డాడు, వాళ్లలో చాలామందికి వేరే గనుల్లో తనే తిరిగి పని చూపించాడు. ఆ తర్వాత పదేళ్లకు పైగా కర్నూలు, కడప జిల్లాల గనులు తిరుగుతూ, రాయి కింద పడ్డ మనిషిని ఎలా తీయాలో కూలీలకు నేర్పడమే ఆయన ఉద్యోగం. సంచిలో తాడు, విజిల్, ఒక జత బట్టలు పెట్టుకుని బస్సెక్కేవాడు. మొదటి పాఠం ఎప్పుడూ ఒకటే. "ముందు పేరు పెట్టి పిలవండప్పా. మిషన్ తర్వాత."

పోయిన నెల మంచం పక్కన కూర్చుని అడిగాను, పగ తీరిందా అని. దగ్గు ఆగాక చెప్పాడు. "సగం. మీ నాయన రాలేదు గదా."

ఆయన్ని మా నాయన పక్కనే పూడ్చాం. ఎక్కడెక్కడి గనుల నుంచో కూలీలు వచ్చారు. అందరూ మట్టి వేస్తుండగా, జనాన్ని తప్పించుకుంటూ కర్ర ఊతంతో ఆ యజమాని వచ్చాడు. ముసలివాడయ్యాడు. గుంత దగ్గరికి రాబోతే అమ్మ అడ్డంగా నిలబడింది.

"ఆ మాట ఇంగోసారి చెప్పు. ఈళ్లంతా వినాల."

అతను చుట్టూ చూశాడు. ఎవరూ కదల్లేదు.

"ఆయప్ప తాగిండ్లేదు" అన్నాడు.

"గట్టిగా."

"తాగిండ్లేదమ్మా!"

"ఇప్పుడు మట్టెయ్యి" అని అమ్మ పక్కకు జరిగింది.

నుజ్జయిన ఆ కాలు వంగదు. కర్ర మీద బరువు మోపి వంగబోయాడు, చెయ్యి నేలకు అందలేదు. మళ్లీ వంగాడు. చిన్నాయన ఉండి ఉంటే ముందుగా చెయ్యందించేది ఆయనే, నాకు తెలుసు. నేను ఆయన్ని కాను. చేతులు కట్టుకుని నిలబడ్డాను. మిట్టమధ్యాహ్నం ఎండ, చుట్టూ అంతమందిమి, ఒక్క చెయ్యీ ముందుకు రాలేదు. చివరికి అతను కర్ర వదిలేసి నేల మీద కూలబడ్డాడు, ఆ ఎర్రమట్టిలో చేతులు పెట్టి పాకుతూ గుంత అంచుకు చేరాడు.