ఆయుధపూజ నాడు లేవని సర్వర్

ఆ ఆయుధపూజ నాడు మా ఆఫీసులో జరిగింది నాకు ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు. ఒళ్లు మండటం ఆ తర్వాతి సంగతి. మాదాపూర్‌లో ఓ అద్దాల మేడ, అందులో ఒక అంతస్తులో సగం మాది. మా బాసుది కోస్తా. పూజ అయ్యేదాకా పనిముట్టు పని చేయకూడదని ఆయన పట్టు. ఐటీ కంపెనీకి పనిముట్టంటే ఏముంటుంది, సర్వరే. మా పనంతా దాచుకునే పెద్ద కంప్యూటర్.

దాన్ని చూసుకునే అమ్మాయి నా పక్క సీటులోనే కూర్చునేది. మియాపూర్ నుంచి మెట్రోలో వచ్చేది. తండ్రి మంచాన పడ్డాక ఇల్లంతా ఆమె జీతం మీదే. ఏళ్ల తరబడి ఆపని పాత మిషన్, ఆపితే మళ్లీ లేస్తుందో లేదోనని నెమ్మదిగా చెప్పి చూసింది. ఆయన వింటేగా! ఆపక తప్పలేదు. పసుపు రాశారు, బొట్లు పెట్టారు, బంతిపూల దండ వేశారు, గుమ్మడికాయ కొట్టారు. అందరం పులిహోర మీద పడ్డాం.

స్విచ్ వేస్తే నల్లటి తెర మీద ఒకే ఒక్క వాక్యం, మొదలవడానికి కావలసిన డిస్కు లేదని. మిషన్ లేవగానే తనను నడిపించే డిస్కు కోసం వెతుక్కుంటుందనీ, అది ఎక్కడ వెతుకుతోందో చూడాలనీ, కాస్త టైమివ్వమనీ ఆమె అడిగింది.

ఆయన ఇవ్వలేదు. ప్రసాదం ప్లేటు చేతిలో ఉండగానే, అందరి ముందూ అన్నాడు.

"రేపటి నుంచి మీరు రానక్కర్లేదండి."

మళ్లీ అండి ఒకటి! ఆపమన్నది తనే, వెళ్లమంటున్నదీ తనే. ఇదెక్కడి చోద్యం?

ఆమె ఏడవలేదు. మిషన్ వెనక్కి వెళ్లి దండ పక్కకు జరిపింది. అక్కడ ఓ పెన్‌డ్రైవ్ గుచ్చి ఉంది. మిషన్ ముందుగా అందులోనే వెతికి, ఏమీ దొరక్క ఆగిపోతోంది. దాన్ని పీకి మళ్లీ స్విచ్ వేసింది. తెర మీద అక్షరాలు చకచకా పరుగెత్తాయి. సర్వర్ లేచింది.

ఇది ఎవరిదని అడిగింది. బాసు మొహం పాలిపోయింది. స్తోత్రాలున్న పెన్‌డ్రైవ్ మిషన్‌లో ఉంటే మంచిదని పూజప్పుడు తనే పెట్టాడట. నవ్వబోయాడు. అయిందేదో అయింది, పండగ వెళ్లాక మామూలుగా వచ్చేయమన్నాడు.

ఆమె పెన్‌డ్రైవ్ ఆయన అరచేతిలో పెట్టింది. మెడలోని ఐడీ కార్డు తీసి దానిపక్కనే పెట్టింది.

"ఇది గూడ మీదే సార్. ఇగ మీరే చూసుకోండ్రి."

బ్యాగు భుజాన వేసుకుని లిఫ్టు వైపు నడిచింది. ఒకటో తారీఖున జీతం రాకపోతే ఆ ఇంట్లో ఏం చేస్తారో!