రెక్క కత్తిరించిన ఎగిరే పెట్ట

మా పెరట్లో తిరిగే ఫారం రకం పెట్టలు రెండింటిని మొన్న వీధికుక్కలు ఎత్తుకుపోయాయి. ఒళ్ళు బరువుతో అవి గోడ కూడా ఎక్కలేకపోయాయి. అందుకే ఈసారి కుక్క కనపడగానే చెట్టెక్కే నాటుపెట్టనే కొనాలని పొద్దున్నే కంచికచర్ల వెళ్ళాను.

రోడ్డు పక్కన కోళ్ళ గంపలు పెట్టుకున్నాయన ఒక నల్లపెట్టను నా చేతికిచ్చి, "ఇది వేపచెట్టు చివరికంటా పోద్దండి" అన్నాడు. అంత తేలిగ్గా నమ్మే మనిషిని కాను. కుడిరెక్క విప్పి చూస్తే పెద్ద ఈకలన్నీ సగానికి కత్తిరించి ఉన్నాయి!

"ఇదెట్టా ఎగురుద్దయ్యా?"

"ఎగిరేది కాబట్టేగా అమ్మా కత్తిరించింది! ఎగరని దానికి ఆ పనెందుకు?"

డబ్బులిచ్చి కొనేశాను. బస్సు నందిగామ చేరేదాకా ఆయన మాటలో తప్పెక్కడుందా అని వెతికాను. దొరకలేదు. అనుమానం మాత్రం పోలేదు.

పగలంతా గంప కింద ఉంచి, సాయంత్రం వదిలాను. మిగతా కోళ్ళు గూట్లోకి వెళ్ళాయి. ఇది మునగచెట్టు కింద నిలబడి, మెడ సాచి కొమ్మ వంక చూసింది. ఎగిరింది. పక్కకు ఒరిగి పడింది. మళ్ళీ కొమ్మ వంకే చూసింది. చూడలేక నేనే స్టూలెక్కి దాన్ని కొమ్మ మీద కూర్చోబెట్టాను. దర్జాగా కళ్ళు మూసుకుంది.

కొత్త ఈకలు వచ్చేదాకా నాకు రోజూ ఇదే పని. మీరే చెప్పండి, ఇది నిజంగా ఎగిరే పెట్టేనా, లేక ఆయనా ఇదీ ముందే మాట్లాడుకున్నారా?