సమ్మక్క ఒడిబియ్యం

చంద్రాపూర్‌లోని బాబుపేట్‌లో సమ్మక్క మెస్ ఎక్కడని అడిగితే చిన్నపిల్లలు కూడా దారి చూపిస్తారు. బోర్డు మరాఠీలో ఉంటుంది, వంట తెలంగాణది, తిట్లు మాత్రం రెండు భాషల్లోనూ దొరుకుతాయి. పళ్లెంలో అన్నం వదిలేసి లేచాడంటే బొగ్గుగనిలో ఎంత పెద్ద ఉద్యోగం చేసేవాడైనా సమ్మక్క నోటికి దొరికినట్టే. పేరులోనే అక్క ఉంది కాబట్టి తినడానికి వచ్చే మగవాళ్లంతా, ఆమె కంటే పెద్దవాళ్లు కూడా, అక్కా అనే పిలుస్తారు. జయ ఒక్కతే సమ్మీ అంటుంది.

సమ్మక్క పుట్టింది దుర్గాపూర్ గని క్వార్టర్లలో. తండ్రి పోశం మంథని దగ్గరి పల్లె నుంచి బొగ్గు పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ముగ్గురు పిల్లల్లో సమ్మక్క పెద్దది. పెళ్లి వయసు రాగానే సంబంధాలు వచ్చాయి, వచ్చినవి వచ్చినట్టే వెనక్కి పోయాయి. వద్దు అనేది. ఎందుకు వద్దో చెప్పమంటే ఆమెకే సరిగ్గా తెలిసేది కాదు, తెలిశాక చెప్పే ధైర్యం లేకపోయింది. తల్లి సత్తమ్మ ఏడ్చింది, ఉపవాసాలు ఉంది, పూనకం వచ్చే అమ్మ దగ్గరికి తీసుకెళ్లి వేపరెమ్మలతో కొట్టించింది. వేపాకు రాలింది తప్ప సమ్మక్కలో ఏమీ మారలేదు. చివరికి ఇంట్లోంచి బయటపడి బాబుపేట్‌లో ఒక గది తీసుకుని పొయ్యి వెలిగించింది.

జయ రాజురా పక్క పల్లెలోని రైతుల బిడ్డ. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుగా చేరి, భోజనం డబ్బా కట్టించుకోవడానికి మెస్‌కు వచ్చేది. కొన్నాళ్లకు డబ్బా మానేసి అక్కడే కూర్చుని తినసాగింది. ఆ తర్వాత తినేసి గిన్నెలు కడగడానికి కూర్చునేది. అటు తర్వాత పెట్టె తెచ్చుకుని ఆ ఇంట్లోకే వచ్చేసింది. వాళ్లది ప్రేమ. దానికి వేరే పేరు వెతుక్కోవలసిన పని మనకు లేదు.

మొదట్లో అందరూ మెచ్చుకున్నారు. ఒంటరి ఆడవాళ్లు ఒకరికొకరు తోడుగా ఉన్నారు, ఎంత బుద్ధిమంతులో అన్నారు. ఒకరోజు జయ అన్న లచ్చయ్య సంబంధం ఖాయం చేసుకుని వచ్చి చెల్లెల్ని బయల్దేరమన్నాడు. జయ కదలలేదు. అతడు చెయ్యి పట్టి గుంజితే, వీధిలో నిలబడి అందరూ వినేలా చెప్పింది.

"నా ఇల్లు గిదేనే అన్నా. నా మనిషి గీమెనే. నన్ను ఇంకెవలికి ఇస్తవ్?"

లచ్చయ్య చెయ్యి వదిలేశాడు. మాకు చెల్లె లేదనుకుంటాం అనేసి బస్సెక్కాడు, ఆ తర్వాత మళ్లీ రాలేదు. నిన్నటిదాకా బుద్ధిమంతులన్న వీధి ఆ సాయంత్రానికే మాట మార్చింది. ఇంటి యజమాని ఖాళీ చేయమన్నాడు. కుళాయి దగ్గర ఆడవాళ్లు బిందెలు పక్కకు జరుపుకునేవారు, అదేదో అంటుకునే రోగమైనట్టు. తినడానికి వచ్చేవాళ్లలో సగంమంది మాయమయ్యారు. ఇద్దరూ రెండు వీధుల అవతల ఇంకో ఇల్లు చూసుకున్నారు. పోయినవాళ్లలో చాలామంది మెల్లగా తిరిగొచ్చారు. నీతికోసం అనుకునేరు, పప్పు కోసం. పక్క మెస్‌లో పప్పు నీళ్లలా ఉంటుందట. ఏ దారిన వచ్చినా మనిషి మనిషే కదా అని సమ్మక్క వడ్డించింది.

ఇవన్నీ ఆమె మింగేసింది. మింగలేనిది ఒక్కటే ఉంది, అది ఒడిబియ్యం.

వాళ్ల వైపు ఇంట్లో ఏ శుభకార్యం జరిగినా, పెళ్లయిన ఆడబిడ్డను మొగుడితో పాటు పీటల మీద కూర్చోబెట్టి, కొత్త బట్టలు పెట్టి, పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు దోసిళ్లతో ఒడిలో పోస్తారు. నీకు పుట్టిల్లు ఉంది, నీ కాపురం చల్లగా ఉండాలి అని ఇంటివాళ్లు చెప్పే పద్ధతి అది. తమ్ముడు అంజన్న పెళ్లిలో చెల్లెలు తిరుపతమ్మ, ఆమె మొగుడు పీటల మీద కూర్చున్నారు. సమ్మక్క వంటింట్లో గంటె పట్టుకుని నిలబడింది. అంజన్న కూతురి పేరు పెట్టినప్పుడూ అంతే. వంద మందికి వండగల చెయ్యి ఉంది గనక ఆమె వంటింట్లో ఉండటం ఎవరికీ వింతగా తోచలేదు. జయను అసలు పిలవనే లేదు. ఇంటికొచ్చి సమ్మక్క ఆ మాట జయకు చెప్పకుండా గిన్నెల మీద కోపం చూపించేది. జయకు అర్థమయ్యేది, కానీ ఏం చేస్తుంది?

ఇంతలో తెలంగాణ వచ్చింది. రెండు వేల పద్నాలుగు జూన్‌లో పోశం క్వార్టర్లంతా తిరిగి దూద్‌పేడాలు పంచాడు. "మనం మహారాష్ట్రల ఉన్నం గదా బాపూ, మనకేంది?" అన్నాడు అంజన్న. "నోరు తీపి చేసుకోర ముందుగల్ల" అన్నాడు పోశం. రెండేళ్లకు జిల్లాలు కూడా విడగొట్టారు. కరీంనగర్ జిల్లాలో పుట్టిన పోశం, ఉన్నచోటే ఉండి పెద్దపల్లి జిల్లావాడయ్యాడు. కనబడిన ప్రతి మనిషికీ ఆ వింత చెప్పుకుని మురిసిపోయాడు.

మరో రెండేళ్లకు, సెప్టెంబరులో, మెస్‌లోని టీవీలో సుప్రీంకోర్టు వార్త వచ్చింది. ఆడవాళ్లు ఆడవాళ్లు, మగవాళ్లు మగవాళ్లు కలిసి బతకడం ఇకమీద నేరం కాదన్నారు. తింటున్నవాళ్లంతా తలలు వంచుకుని మరీ శ్రద్ధగా తిన్నారు. రాజన్న అనే కుర్రాడొకడు మాత్రం తలెత్తి, "గెలిచినవ్ గదా అక్కా" అన్నాడు. సమ్మక్క అతడి పళ్లెంలో అడగకుండానే ఇంకో గంటెడు కూర వేసింది.

మర్నాడు పోశం మెస్‌కు వచ్చాడు. అన్నేళ్లలో ఆ గడప తొక్కడం అదే మొదలు. కుర్చీలో కూర్చుని, మంచినీళ్లు తాగి, బల్లమీది మరకను వేలితో రుద్దాడు.

"గిన్నేండ్లు అది నేరమేనా బిడ్డా?"

"అవునట బాపూ."

"నాకెవలు చెప్పలే. నా బిడ్డను పోలీసులు పట్టుకపోవచ్చని నాకు తెల్వనే తెల్వది. తెలిస్తే నిద్ర పోయెటోన్నా?" అన్నాడు. "ఏమన్న గావాల్నా నీకు?"

ఇన్నేళ్లలో ఆ ఇంటి నుంచి ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. సమ్మక్క వెనకా ముందూ చూడలేదు.

"తమ్ముడు కొత్తిల్లు పూజ చేసుకుంటుండు గదా. నాకు ఒడిబియ్యం పొయ్యున్రి. నన్నూ జయనూ కూసోబెట్టి పొయ్యున్రి."

పోశం ఇంటికెళ్లి ఆ మాట అన్నాడు. సత్తమ్మ పొయ్యిలో కట్టెలా భగ్గుమంది.

"పెండ్లి గాని పిల్లకు ఒడిబియ్యమా? అల్లుడేడి? పాలోళ్లు, సుట్టాలు నా మొఖం మీదనే నవ్వుతరు."

"నా ఊరు ఉన్నకాడ్నే ఉన్నది" అన్నాడు పోశం. "రాష్ట్రం మారె, జిల్లా మారె. ఊరోళ్లు అన్ని మార్చి రాసుకున్నరు, ఎవలు సావలే. మన ఇంట్ల రెండు పీటలు ఎక్కువేస్తే ఆకాశం ఊడిపడ్తదా?"

సత్తమ్మ అవునూ అనలేదు, కాదూ అనలేదు. ఇద్దర్నీ రమ్మని మాత్రం కబురు చేసింది. జయకు ఆ ఇంటి నుంచి పిలుపు రావడమే వింత. అయినా సమ్మక్క జయతో గట్టిగా చెప్పింది.

"ఈసారి వంటింట్లకు పోను. పీటల మీద పిలిస్తె కూసుంట. పిలువకపోతే తిని లేచొస్త. మల్ల ఆ ఇంట్ల ఏ కార్యానికీ పోను, ఒట్టు."

ఆమె ఒట్టు పెట్టిందంటే పెట్టినట్టే. జయకు అదే భయం.

కార్తీకంలో గృహప్రవేశం జరిగింది. పూజ అయ్యాక హాల్లో రెండు పీటలు వేశారు. రెండే. తిరుపతమ్మ, ఆమె మొగుడు వచ్చి కూర్చున్నారు. గోడవారగా జయ పక్కన కూర్చున్న సమ్మక్క ఆ పీటల్నే చూస్తోంది. వంటింట్లోంచి ఎవరో "అక్కా, పులిహోర జర చూడరాదే" అని కేకేశారు. ఆమె లేవలేదు. జయ ఆమె చెయ్యి పట్టుకుంది, అందరి ముందే పట్టుకుంది.

అప్పుడు సత్తమ్మ బట్టల సంచి విప్పింది. గోల్ బజార్ నుంచి అంజన్న తెచ్చిన బట్టలవి. రెండు చీరలు తీసింది. ఒక జత ప్యాంటు షర్టు గుడ్డ తీసింది. తీస్తే ఇంకో జత వచ్చింది.

"ఇదేందిరా? రెండు జతలెందుకు?"

"ఇద్దరు అల్లుళ్లకు గదనే" అనేసి అంజన్న నాలిక కరుచుకున్నాడు.

సత్తమ్మ ముఖం ఎర్రబడింది. "ఎవల్ని నవ్వులపాలు చేద్దామనిరా?" అంది.

"అయ్యో, నవ్వులకు గాదే అవ్వా" అని అంజన్న తడబడ్డాడు. "దుకాణపోడు కితీ జావయీ అని మరాఠీల అడిగిండు. దోన్ అన్న. అల్లుళ్లు ఎందరంటె ఇద్దరని చెప్పిన. చెప్పేటప్పుడు నాకేం అనిపియ్యలే. ఇంటికొచ్చినంక సుత అనిపియ్యలే. ఇద్దరే గదా మరి?"

అతగాడికి నిజంగానే అనిపించలేదు. అక్కను వెనకేసుకురావాలనీ తల్లికి బుద్ధి చెప్పాలనీ అనుకునే తెలివి అంజన్నకు లేదు, ఆ సంగతి అక్కడున్నవాళ్లందరికీ తెలుసు. ఆడబిడ్డలిద్దరు గనక అల్లుళ్లిద్దరు, అంతే. సత్తమ్మ కొడుకు ముఖంలోకి చాలాసేపు చూసింది. మొదట పోశం నవ్వాడు. తర్వాత తిరుపతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చివరికి జయే అంది.

"ఆ గుడ్డ నాకే ఇయ్యున్రి అవ్వా. స్కూటీ మీద డ్యూటీకి పోతందుకు కుట్టిచ్చుకుంట."

నవ్వు హాలంతా పాకింది. దాయాదుల్లో ఒక పెద్దామె మాత్రం మూతి తిప్పుకుని చెప్పులేసుకుని వెళ్లిపోయింది. సత్తమ్మ ఆమెను ఆపలేదు. కోడలు పద్మ వైపు తిరిగి, "ఇంకో రెండు పీటలెయ్యి" అంది.

పీట మీద ఎలా కూర్చుందో సమ్మక్కకే తెలియదు. పద్మ ఇద్దరి పాదాలకూ పసుపు రాసింది. సత్తమ్మ దోసిలి నిండా బియ్యం తీసుకుని పెద్దబిడ్డ ఒడిలో పోసింది. పోస్తూ, "వంటింట్ల నిలబెట్టి నిలబెట్టి నీ కాళ్లు గుంజినయి గదా బిడ్డా" అంది. అంతే, సమ్మక్క బావురుమంది.

పద్ధతి ప్రకారం అల్లుడికి బట్టలు పెడితే చాలు, ఒడి నింపాల్సిన పని లేదు. సత్తమ్మ బట్టలు జయ చేతిలో పెట్టింది. పెట్టి, కదలకుండా నిలబడింది.

"మీ పుట్టింటోళ్లు నీకు ఒడిబియ్యం పోసిన్రా?"

"లేదవ్వా" అంది జయ. ఇంతసేపూ నవ్వుతున్న మనిషి తల దించుకుంది. "వాళ్లకు నేను లేను."

"కొంగు పట్టు" అంది సత్తమ్మ.

జయకు అర్థం కాలేదు. సమ్మక్కే వంగి జయ కొంగు విప్పి ఒడి కట్టింది. సత్తమ్మ ఆ ఒడిలోనూ దోసిళ్లు దోసిళ్లుగా పోసింది. పద్మ పోసింది. తన ఒడి మూట కట్టుకుని తిరుపతమ్మ కూడా లేచి వచ్చి పోసింది.

ఆ బియ్యాన్ని ఇంటికి తీసుకెళ్లి, వండి, ఇరుగుపొరుగుకు భోజనం పెట్టాలి. ఆ వారంలోనే బాబుపేట్‌లో వండారు. కుళాయి దగ్గర బిందెలు జరుపుకున్న ఆడవాళ్లను కూడా జయ వెళ్లి పిలిచింది. కొందరు వచ్చారు, కొందరు పని ఉందన్నారు. రాజన్న తన గని దోస్తులను వెంటేసుకొచ్చాడు. లచ్చయ్యకు ఫోను చేస్తే ఎత్తలేదు. మళ్లీ చేద్దాంలే అంది సమ్మక్క.

సత్తమ్మ వచ్చింది. ఆ ఇల్లు చూడటం ఆమెకదే మొదటిసారి. గదులన్నీ తిరిగింది, ఒకే మంచం చూసి ఏమీ అనకుండా దుప్పటి మడత సరిచేసింది. కడుపునిండా తిన్నది. వెళ్లేటప్పుడు గడప దగ్గర ఆగి జయను పిలిచింది.

"ఒక్కసారి పోస్తే ఆపరాదు బిడ్డా, మూడో యేడు మల్ల పొయ్యాలె. ఆ పొద్దు డ్యూటీ గీటీ అని పెట్టుకోకు. ఇద్దరు రావాలె."